నూట యాభై రెండో కాజా

ఆమెకూ ఒక పేరుండేది. అది కాగితాల్లోనే ఉండిపోయింది. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కూడా కాజాలక్క అనే పిలిచేవారు. చొక్కాకు బొత్తాం దూరడానికి గుడ్డను కోసి, ఆ కోత పీచులు లేవకుండా చుట్టూ దారంతో బిగించి కుట్టే కన్నం ఉంటుంది చూడండి, దాన్నే కుట్టుపనివాళ్ళు కాజా అంటారు. ఇరవై రెండేళ్ళు ఆవిడ చేసింది ఆ పనొక్కటే. చొక్కా ఎవరు కత్తిరించారో, చేతులు ఎవరు అతికారో, కాలరు ఎవరు తిప్పారో ఆవిడకు అక్కర్లేదు. అంతా అయ్యాక అది వచ్చి ఒళ్ళో పడితే ఏడు కాజాలు. ఇంకో చొక్కా పడితే ఇంకో ఏడు.

ఆ చొక్కాల దుకాణం ఒక ఇరుకు మేడ మీద పొడుగాటి గది. రెండు వరసల్లో పదకొండు మిషన్లు. కాజాలక్క చోటు మెట్ల పక్కనున్న కిటికీ దగ్గర, వెలుగు ఎడమ చేతివైపు పడేటట్టు. చెప్పులు మూడో మెట్టు మీద విడిచేది. సంచి కిటికీ గొళ్ళేనికి తగిలించేది. మంచినీళ్ళు తాగేది అంచు సొట్టపోయిన గ్లాసుతో. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. పని నేర్పిన మేస్త్రీ ఆవిడకు రెండే రెండు సూత్రాలు చెప్పాడు. మొదటిది, కోతలన్నీ ముందు కోసేసుకో, తరవాత కూర్చుని కుట్టుకో. ఒక్కోటీ కోస్తూ ఒక్కోటీ కుడుతూ కూర్చుంటే సుద్దగుర్తులు చెరిగిపోతాయి, పొద్దూ గూకుతుంది. రెండోది, కోసిన చెయ్యే కుట్టాలి. ఒకరు కోసిన కాజా ఇంకొకరు కుడితే అది నోరు వెళ్ళబెడుతుందని ఆయన నమ్మకం.

తరవాత కాజాలు కుట్టే మిషను వచ్చింది. ఈవిడ సూదిలో దారం ఎక్కించుకునేలోపు అది ఒక చొక్కా ముగించి పక్కన పడేసేది. పాతమనిషి కదా అని యజమాని ఆవిడను ఒక ఏడాది పాటు దారాలు కత్తిరించడానికి ఉంచుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడు ఉండనే ఉంటాడు. ఆవిణ్ణి తన్నిన మిషనును, దాని యజమానిని కూడా కలిపి, వీధి చివర వెలిసిన రెడీమేడ్ దుకాణం తన్నింది. ఒకరోజు మెట్లెక్కి వెళ్ళేసరికి పదకొండు మిషన్లనూ గోనెపట్టాల్లో చుడుతున్నారు. ఆవిడ తన గ్లాసు తీసుకుని దిగి వచ్చేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటని, అదే ఏడు ఆవిడ భర్త నిచ్చెన మీంచి పడ్డాడు. ఆయన ఇళ్ళకు రంగులు వేసేవాడు. ప్రాణానికేం కాలేదు గానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. అప్పటినుంచీ ఆయన సగం గోడ పెయింటరు. కింది సగం ఆయన వేస్తే పై సగానికి ఇంకొకణ్ణి పిలుచుకోవాలి. అలాంటి పెయింటరును ఎవరు పిలుస్తారు? కూతురు అప్పుడు పదో తరగతి. కాబట్టి కాజాలక్క ఇంకో పని చూసుకోక తప్పలేదు. అప్పటికి ఆవిడకు నలభై నాలుగేళ్ళు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఆవిడకు పనంటే భయం లేదు. పనిని చూసి జడిసేవాళ్ళు రోజుకు నూటయాభై సార్లు సూది గుచ్చుకుని ఇరవై రెండేళ్ళు కూర్చోరు. ఆవిడ భయమంతా పని చుట్టూ ఉండేదాన్ని చూసి. వెళ్ళగానే చెప్పులు ఎక్కడ విడవాలి? సంచి ఎక్కడ పెట్టాలి? ఏ గ్లాసుతో నీళ్ళు తాగాలి? బాత్రూమ్ ఎక్కడని ఎవర్ని అడగాలి? అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వాలా, నవ్వితే ఈవిడకేం తెలుసని అనుకుంటారా? వినేవాళ్ళకు ఇదంతా నవ్వులాటగానే ఉంటుంది. ధైర్యం చెప్పేవాళ్ళ సొమ్మేం పోయింది, ఒక్కమాట అనేసి వెళ్ళిపోతారు. ఆవిడ మోకాళ్ళకు ఆ మాట చేరేది కాదు.

మొదటి పని ఆ రెడీమేడ్ దుకాణంలోనే దొరికింది. కొనుక్కున్నవాళ్ళకు పొడుగు తగ్గించి ఇచ్చే పని. పొద్దున్నే వెళ్ళి తలుపు ముందు నిలబడింది. అది అద్దాల తలుపు, మనిషి దగ్గరకు రాగానే దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకుంది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. మూసుకుంది. ఆవిడ ముందుకు వేసింది. తెరుచుకుంది. ఇలా నాలుగుసార్లు అయ్యాక లోపలున్న కుర్రది ఒకతి కౌంటరు మీద మోచేతులానించి చూడటం మొదలుపెట్టింది. కాజాలక్క ఎవరికోసమో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసి ఇంటికొచ్చేసింది. "అక్కడ మనిషి అక్కర్లేదన్నారు" అని భర్తకు చెప్పింది.

రెండోది ఒక బడి ఆఫీసులో. అక్కడ లోపలికైతే వెళ్ళగలిగింది. పదకొండు గంటలకు ఎవరో చేతిలో టీ కప్పు పెట్టి, "కూర్చోండి, తాగండి" అన్నారు. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. నాలుగు కుర్చీలున్నాయి, నాలుగూ ఎవరివో ఒకరివే అయుంటాయి. ఆవిడ ఆ కప్పు పట్టుకుని కాసేపు నిలబడి, దాన్ని కిటికీలో పెట్టి, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. సంచి అక్కడే మర్చిపోయింది. మర్నాడు భర్త వెళ్ళి తెచ్చాడు. దార్లో ఏమనుకున్నాడో ఏమో, సంచి ఆవిడ ముందు పెట్టి ఒక్కమాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడ ఆ రాత్రంతా కుమిలిపోయింది.

మూడోది తోడికోడలు చూసిపెట్టింది. మరిది భార్య ఒక పెద్దాసుపత్రిలో ఆయా. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, కానీ ముందు ఎదురయ్యేది నోరే. ఆసుపత్రిలో దుప్పట్లు, గౌన్లు, దిండుగలీబులు ఉతికి, చిరుగులు కుట్టి, మడతలు పెట్టి వార్డులకు పంపే గది ఒకటుంది. అక్కడ కుట్టేమనిషి మానేసింది. ఆ గది ఇన్‌చార్జిని తోడికోడలు మూడువారాలు బతిమాలింది.

"అక్కా, నేను చెప్పేది విను. నీలాంటి చెయ్యి ఊళ్ళో లేదని చెప్పాను. బంగారమన్నాను. ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. ఈసారి నువ్వు పారిపోయావనుకో, నేను అక్కడ మొహం ఎత్తుకు తిరగలేను. నా ఉద్యోగం కూడా పోతుంది, చూసుకో."

"పారిపోనులే" అంది కాజాలక్క.

"ఆ మాట కిందటిసారీ అన్నావు."

తోడికోడలు మాటల మీద నమ్మకం పెట్టుకునే రకం కాదు. మొదటిరోజు పొద్దున్నే తనే ఇంటికొచ్చి, కాజాలక్క మణికట్టు పట్టుకుని, గేటు దాటించి, వాచ్‌మన్‌కు చూపించి, వెనకవైపు నుంచి గది దాకా నడిపించుకెళ్ళి, లోపలికి తోసినంత పనిచేసి, తన వార్డుకు పోయింది.

గది పెద్దదే. నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా మడతలు. పక్కగదిలో ఉతికే మిషన్లు తిరుగుతుంటే నేల సన్నగా అదురుతోంది. సోడా వాసన, వేడి గుడ్డ వాసన. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక ఇనప బీరువా. ఇన్‌చార్జికి ముప్పై ముప్పైరెండు ఉంటాయి. కళ్ళజోడు తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంది. ఒకచేత్తో రిజిస్టరు, ఇంకోచేత్తో ఫోను.

"నువ్వేనా? ఆ మూట చూడు. గౌన్లు ముప్పై ఎనిమిది. రేపు పొద్దున ఆపరేషన్లకు కావాలి. అన్నిటికీ వెనక కట్టుకునేవి ఊడిపోయాయి. సాయంత్రానికి అన్నీ సరిచేసి పెట్టు. ఇవాళ వార్డుల్లో లెక్కలు చూసే రోజు, నేను పైన ఉంటాను. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

అర్థం కాలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగడానికి నోరు పెగిలే మనిషైతే ఆవిడ ఎప్పుడో ఆ రెడీమేడ్ దుకాణంలో కుదురుకునేది. ఇన్‌చార్జి వెళ్ళిపోయింది. కాజాలక్క చెప్పులు చేత్తో పట్టుకుని, సంచి చంకలో పెట్టుకుని, గది మధ్యలో కాసేపు అలాగే నిలబడింది. చివరికి రెంటినీ తెచ్చి మిషను కింద తన కాళ్ళ దగ్గరే పెట్టుకుంది.

మూట విప్పింది. ఆకుపచ్చ గౌన్లు. ముందువైపు నిండుగా ఉంది. వెనక పైనుంచి కింద దాకా తెరిచే ఉంది. రెండు అంచులు ఎదురెదురుగా ఉన్నాయి, వాటిని కలిపేది ఏమీ లేదు. ఉతుకులో నాడాలు ఊడిపోయాయి. కొత్త నాడాల చుట్ట పై అరలో, కళ్ళ ఎదురుగానే ఉంది. ఆవిడ దాన్ని చూసింది కూడా. దిండ్లకు కాబోలనుకుంది. ఎదురెదురుగా రెండు అంచులు కనిపిస్తే వాటిని కలపడానికి ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులకు తెలిసిన దారి ఒకటే. బల్ల సొరుగు లాగితే ఒక డబ్బా నిండా తెల్ల బొత్తాలు దొరికాయి. డాక్టర్ల కోట్లకు కుట్టేవి అవి. వాటిని చూడగానే ఆవిడకు సగం ప్రాణం వచ్చినట్టయింది.

సుద్దముక్క సంచిలోనే ఉంది. గౌనుకు నాలుగు గుర్తులు. మేస్త్రీ చెప్పినట్టే, కోతలన్నీ ముందు. కత్తెర మొన గుడ్డలో దిగిన ఆ క్షణంలో ఆవిడ మోకాళ్ళ వణుకు ఆగిపోయింది. ఎక్కడుందో మర్చిపోయింది. చెయ్యి దానంతటదే పోయింది. ఒక గౌను, నాలుగు కోతలు, మడత. ఇంకో గౌను. మధ్యాహ్నం తిండి కూడా మర్చిపోయి ముప్పై ఎనిమిది గౌన్లకూ నూట యాభై రెండు కోతలు కోసేసింది. అప్పుడు సూది తీసింది. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఇన్నాళ్ళూ ఇంత భయపడేదాన్నా అని తనలో తనే నవ్వుకుంది. పాపం, ఆ నవ్వు నాలుగు గంటల దాకా ఉంది.

నాలుగింటికి ఇన్‌చార్జి వచ్చింది. అప్పటికి పదకొండు కాజాలు అయ్యాయి. పై గౌను తీసింది. కోతలోంచి వేలు దూర్చి చూసింది. కింది గౌను తీసింది. దాని కిందిది. అలా మూట అడుగు దాకా చూసింది.

"ఏంటివి?"

"కాజాలు మేడమ్."

"ఎందుకు?"

కాజాలక్క బొత్తాల డబ్బా వైపు చూసింది.

"ఆపరేషన్ అయినవాడు బొత్తాల మీద పడుకుంటాడా? మత్తులో ఉన్నవాణ్ణి ఎత్తి కూర్చోబెట్టి నాలుగు బొత్తాలు విప్పుతామా? లాగితే ఊడిరావాలమ్మా అవి! నాడాలు కుట్టమన్నాను. నాడాలు! ఇదిగో, ఎదురుగా లేదూ? పోనీ ఒకటి చేసి ఆగొచ్చుగా, ఒకటి చేసి నన్ను అడగొచ్చుగా! ముప్పై ఎనిమిదీ ఎందుకు కోశావు?"

కోతలు ముందు కోసుకోవాలని మేస్త్రీ చెప్పాడని ఆవిడ ఎలా చెబుతుంది? కుట్టింది తప్పైతే విప్పుకోవచ్చు. కోసింది విప్పడానికి లేదు. కత్తెరకు వెనక్కి నడిచే విద్య రాదు. ఆవిడకు కళ్ళ ముందు ముప్పై ఎనిమిది మంది రోగులు వీపుల నిండా చిల్లులతో నడిచిపోతున్నట్టు ఉంది. తోడికోడలు గుర్తొచ్చింది. సంచి తేవడానికి వెళ్ళి మాట్లాడకుండా వచ్చిన భర్త గుర్తొచ్చాడు.

ఇన్‌చార్జి రెండు ఫోన్లు చేసింది. పాత గౌన్లు ఏవో పై అంతస్తులో ఉన్నాయట, రేపటికి వాటితో గడుపుతారట. తరవాత కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. అరవడం అయిపోయింది. అలసిపోయిన మనిషిలా మాట్లాడింది.

"సరే, ఇవి నేల తుడిచే గుడ్డలకు పంపించేస్తాను. నువ్వు... రేపు వస్తావో రావో నీ ఇష్టం."

అంతకంటే మంచి అవకాశం ఇంకెప్పుడొస్తుంది? వెనక గుమ్మం తెరిచే ఉంది. సంచి ఈసారి కాళ్ళ దగ్గరే ఉంది, మర్చిపోయే పని కూడా లేదు. ఆవిడ వంగి సంచి అందుకుంది. అందుకుని, మళ్ళీ కింద పెట్టింది.

"తుడిచే గుడ్డలకు వద్దు మేడమ్. కోసిన చెయ్యే కుట్టాలి. రఫూ చేస్తాను."

"నూట యాభై చిల్లులా?"

"నూట యాభై రెండు."

దీన్ని ధైర్యం అనకండి. ధైర్యం అలా ఉండదు. పారిపోవడానికి కూడా మనిషికి కాస్త తేలికపాటి ఒళ్ళుండాలి. చిల్లుల బరువు మీద పడ్డాక ఆవిడ కదలలేకపోయింది, అంతే.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రోజూ వచ్చే దుప్పట్ల చిరుగులు, నాడాలు, గలీబులు అన్నీ అయ్యాక, రోజుకు ఎనిమిది చిల్లుల చొప్పున రఫూ. కోత రెండు పెదవుల్నీ దగ్గరికి తెచ్చి, అడ్డపోగులూ నిలువుపోగులూ నేసి, గుడ్డలో గుడ్డ చేసేది. ఇస్త్రీ అయ్యాక వేలితో తడిమితే తప్ప తెలిసేది కాదు. గౌను తరవాత గౌను నాడాలు కట్టుకుని వార్డులకు వెళ్ళిపోయింది. ఇన్‌చార్జి మొదటి వారం ఆవిడతో పనిమాట తప్ప మాట్లాడలేదు. బాత్రూమ్ ఎక్కడో కాజాలక్క అయిదు రోజులు అడగలేదు. ఆరోరోజు ఇస్త్రీ చేసే ముసలాయన తనే, "అటు పక్క తలుపమ్మా, గొళ్ళెం బిర్రు, గట్టిగా లాగు" అని గోడవైపు చూస్తూ చెప్పి వెళ్ళాడు. ఆయనకెలా తెలిసిందో గానీ, ఆ ఒక్కమాటకు ఆవిడ ఆయన్ని జన్మంతా గుర్తుపెట్టుకుంది.

రోజూ గేటు దగ్గర మాత్రం అదే తంతు. మోకాళ్ళు ఆగిపోయేవి. వాచ్‌మన్ తల ఎత్తి చూసేవాడు. "ఎందుకెళ్ళడం?" అని అడిగినట్టుండేవి మోకాళ్ళు. "ఇంకా తొంభై ఆరు ఉన్నాయి" అని ఆవిడ లోపల్లోపలే జవాబు చెప్పేది. మోకాళ్ళు కదిలేవి. తొంభై ఆరు తరవాత ఎనభై ఎనిమిది, తరవాత ఎనభై.

పంతొమ్మిదో రోజు సాయంత్రం ఆఖరి గౌను ఒళ్ళోకి తీసుకుంది. మూడు చిల్లులు పూడ్చింది. నాలుగోది, అంటే నూట యాభై రెండోది, మిగిలింది. దారం ఎక్కించింది. సూది గుడ్డలో గుచ్చి ఆగిపోయింది. ఇది అయిపోతే? రేపు పొద్దున గేటు దగ్గర మోకాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ తను ఉద్యోగానికి రాలేదు. తప్పు సరిదిద్దుకోవడానికి వచ్చింది. తప్పు తీరిపోయిందంటే రేపటినుంచి మొదలయ్యేది ఉద్యోగం. కొత్త ఉద్యోగం. మళ్ళీ మొదటిరోజు.

ఆవిడ చుట్టూ చూసింది. ఇన్‌చార్జి రిజిస్టరులో తల దూర్చి ఉంది. కాజాలక్క ఆ గౌనును, సూది గుచ్చినది గుచ్చినట్టే, నాలుగు మడతలు పెట్టి ఇనప బీరువాలో అన్నిటికంటే అడుగున పెట్టింది. రేపు కుడదాంలే అనుకుంది.

మర్నాడు గేటు దగ్గర మోకాళ్ళు అడిగాయి. "ఒక చిల్లుంది" అంది ఆవిడ. అవి నడిచాయి.

ఆ రేపు పద్నాలుగేళ్ళు సాగింది.

పద్నాలుగేళ్ళలో ఏమేం జరగాలో అన్నీ జరిగాయి. కాజాలక్కకు మిషను పక్కన ఒక మేకు కుదిరింది, సంచి తగిలించుకోవడానికి. పాత సొట్టగ్లాసు బీరువా మీదికి చేరింది. తోడికోడలు, "నేను ముందే చెప్పలేదూ బంగారమని" అంటూ ఆసుపత్రంతా తిరిగింది. భర్త కిటికీలకూ గేట్లకూ, అంటే భుజం కంటే పైకి పోని వాటికి, రంగులేసుకుంటూ గడిపాడు. కూతురు చదువు ముగించి ఒక ఆఫీసులో చేరిన రోజు పొద్దున్నే రెండుసార్లు వాంతి చేసుకుంది. తల్లి పోలికే మరి. తల్లిగా ఏదైనా ధైర్యం చెప్పాలని కాజాలక్క ఆ పిల్ల వీపు నిమురుతూ చాలాసేపు ఆలోచించింది.

"వెళ్ళగానే చెప్పులు ఎక్కడ విడవాలో అడుగు."

"ఆఫీసులో చెప్పులు విడవరమ్మా."

"అయితే మొదటిరోజు ఏ పనీ పూర్తిగా ముగించకు. కాస్త ఉంచుకో." అంతకు మించి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

భయం పోయిందా అంటే పోలేదు. సెలవు మీద సెలవొచ్చి మూడురోజులు ఇంట్లో ఉంటే చాలు, నాలుగోరోజు గేటు దగ్గర మళ్ళీ మొదటికొచ్చేది. వాచ్‌మన్లు ముగ్గురు మారారు. ముగ్గురూ ఆవిడ రోజూ గేటు దగ్గర ఎందుకు ఒక్క క్షణం ఆగుతుందో తెలియకుండానే వెళ్ళిపోయారు. దణ్ణం పెట్టుకుంటుందనుకున్నారు కాబోలు.

యాభై ఎనిమిది నిండిన నెలలో ఉద్యోగంలో ఆవిడ ఆఖరిరోజు వచ్చింది. మధ్యాహ్నం తోడికోడలు, ఇంకో నలుగురు ఆయాలు వచ్చి టీ తాగి, ఒక శాలువా కప్పి, నవ్వించి, ఏడిపించి వెళ్ళారు. సాయంత్రం గదిలో ఇద్దరే మిగిలారు. ఇన్‌చార్జి జుట్టు సగం నెరిసింది. కళ్ళజోడు ఇంకా అదే తాడుకు ఉంది.

కాజాలక్క బీరువా తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, అడుగునుంచి ఆ గౌను లాగింది. సూది తుప్పుపట్టి గుడ్డ మీద గోధుమరంగు మరక దిగింది. కొత్త సూది తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. "ఇదొక్కటి ఉండిపోయింది మేడమ్. ఇవాళ ముగించేస్తాను."

"నాకు తెలీదనుకున్నావా?" అని ఇన్‌చార్జి రిజిస్టరు తిప్పి చూపించింది. ప్రతి నెలా ఆఖరి పేజీలో, గౌన్ల లెక్క కింద, అదే చేతిరాతతో ఒక వరస ఉంది. మరమ్మతులో ఉన్నవి, ఒకటి. వెనక నెల చూసినా ఒకటి. కిందటేడు ఒకటి. "పైవాళ్ళు రెండుసార్లు అడిగారు, ఇదేం మరమ్మతమ్మా ఇన్నేళ్ళని. కష్టమైన చిరుగని చెప్పాను."

కాజాలక్క సూదిలో దారం ఎక్కించడానికి చూసింది. కళ్ళు మసకలయ్యాయి. మళ్ళీ చూసింది. దారం ఎక్కింది. చిల్లు మీద సూది పెట్టింది. ఇన్ని వేల కన్నాలు కోసి, ఇన్ని వేల చిల్లులు పూడ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పోపో అన్నా పోలేదు. ఆవిడ పక్కకు తిరిగి, "నావల్ల కావటం లేదమ్మా" అంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి మేడమ్ అనడం మర్చిపోయింది.

ఇన్‌చార్జి పెన్ను తీసి ఆ నెల వరస మీద గీత కొట్టి, పక్కన 'పాడైనది, తీసివేయడమైనది' అని రాసి సంతకం పెట్టింది. గౌనును పాత కాగితంలో చుట్టి ఆవిడ సంచిలో పెట్టింది. "ఇంటి దగ్గర కుట్టుకో. తొందరేం లేదు."

మర్నాడు కాజాలక్క అయిదింటికే లేచింది. వంట చేసింది. తలదువ్వుకుని, చీర మార్చుకుని, ఎనిమిదింటికి సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాక గానీ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తురాలేదు. వెనక్కి తిరిగింది. తన ఇల్లే. తను కొన్న మంచం, తను కుట్టిన తెరలు. ఈ టైములో ఈ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలో ఆవిడకు తెలియలేదు. కిటికీ దగ్గరది భర్తది. ఇంకోదాని మీద ఆయన రంగుడబ్బాలున్నాయి. మోకాళ్ళు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. ఇదొక ఉద్యోగమని, దీనికీ ఒక మొదటిరోజు ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

భర్త పేపరు దించి చూశాడు. "ఏంటే, ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు." సంచి భుజం మీంచి దించింది. "ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలీటం లేదండీ."

ఆయన లేచాడు. రెండో కుర్చీ మీది డబ్బాలు ఒక్కోటీ ఎడమచేత్తో తీసి కింద పెట్టాడు. కుర్చీ తుడిచాడు. ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"సరే, ముందు చెప్పులు అక్కడ విడువు" అన్నాడు.

విడిచింది. వచ్చి కూర్చుంది. సంచిలోంచి గౌను తీసి ఒళ్ళో పరుచుకుంది. నూట యాభై రెండో చిల్లు అలాగే నోరు తెరుచుకుని ఉంది. దానివైపు కాసేపు చూసి, సూది గుచ్చి, నాలుగు మడతలు పెట్టి, తన బట్టల బీరువాలో అన్నిటికంటే అడుగున పెట్టి వచ్చింది.